గుండు ఎంత, ముక్క ఎంత?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది కాశీబుగ్గ. చిన్న జీడిపప్పు బట్టీ నడుపుతున్నాను. మా పెద్దమ్మాయికి ఈ ఏడు ఈఏపీసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) వస్తుంది, కావాలంటే సివిలూ ఎలక్ట్రికలూ కూడా వస్తాయి. హైదరాబాదులో ఉన్న మా బావమరిది రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో ఓ వీడియో పంపుతాడు. ఒకరోజు ఎన్విడియా ఆయన పిల్లలకి కోడింగ్ అక్కర్లేదంటాడు. ఇంకోరోజు ఇంకెవరో ఆరు నెలల్లో కోడంతా ఏఐ రాసేస్తుందంటాడు. మూడోరోజు ఇన్ఫోసిస్ మూర్తి గారు కుర్రాళ్లు వారానికి 70 గంటలు పని చెయ్యాలంటారు. ఉద్యోగాలే లేకపోతే ఆ 70 గంటలు ఎక్కడ చెయ్యాలో నాకు బోధపడలేదు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. నాలుగేళ్ల ఫీజూ హాస్టలూ అంటే మా బట్టీకి రెండు సీజన్ల లాభం. మీరు కంప్యూటర్లు చెప్పే మనిషి కదా. పిల్లని సీఎస్ఈలో వెయ్యమంటారా, మానమంటారా?
– ఒక తండ్రి, కాశీబుగ్గ

సమాధానం: మీ 70 గంటల సందేహాన్ని మా స్టాఫ్‌రూంలో చదివి వినిపించాను. మా లెక్కల మాస్టారు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఆయన అడిగిందాన్లో తప్పేటుంది మేడం? ఉజ్జోగం లేనప్పుడు గంటల లెక్కెందుకు?" అన్నారు. దానికి జవాబు మాలో ఎవరి దగ్గరా లేదు. ఆ మాటలు ఒకదానికొకటి పొసగవని కాశీబుగ్గలో కూచున్న మీకు తెలిసింది, హైదరాబాదులో ఉన్న మీ బావమరిదికి తెలీలేదు. పొసగవు ఎందుకంటే వాళ్లు ముగ్గురూ మాట్లాడింది మూడు రకాల జనంతో. మీ అమ్మాయితో మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు.

ఎన్విడియా కంపెనీ పెద్ద జెన్సెన్ హువాంగ్ ఆ మాట అన్నది 2024 ఫిబ్రవరిలో, దుబాయ్‌లో, ప్రపంచ ప్రభుత్వాల సదస్సులో. ఎవరూ ప్రోగ్రాం రాయనక్కర్లేకుండా చెయ్యడమే మా పని, ఇకమీదట మనుషులు మాట్లాడే భాషే ప్రోగ్రామింగ్ భాష అన్నాడు. అలాంటి సభలకి వచ్చేది మంత్రులూ పెద్ద అధికారులూ, అంటే దేశానికి దేశం పేరున ఏఐ నడిపే చిప్‌లు కొనగలిగిన వాళ్లు. ఆయన అమ్మేది ఆ చిప్‌లే. మీ ఊళ్లో ఎవరైనా లేచి "ఇకమీదట జనం అన్నం వండుకోనక్కర్లేదు, జీడిపప్పు చాలు" అన్నాడనుకోండి, ఆయన బట్టీ ఏ వీధిలో ఉందని అడుగుతారు కదా. ఇదీ అంతే. ఆయన కంపెనీ మాత్రం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లని ఇవాళ్టికీ తీసుకుంటూనే ఉంది. పైగా ఆ మాటకి ఇంకో సగం ఉంది: జీవశాస్త్రమో, వ్యవసాయమో, తయారీ పనులో, ఏదో ఒక రంగం లోతుగా తెలుసుకోండి అని. వాట్సాప్ వీడియోలో ఆ సగం ఉండదు. నాకు పనికొచ్చింది ఆ సగమే. కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను.

ఆరు నెలల మాట ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ పెద్ద డారియో అమోడెయిది. 2025 మార్చిలో అన్నాడు: మూడు నుంచి ఆరు నెలల్లో కోడ్‌లో 90 శాతం ఏఐ రాస్తుంది, ఏడాదిలో దాదాపు అంతా. ఆరు నెలలు దాటాక అడిగితే, మా కంపెనీ మట్టుకు నిజమైంది అన్నాడు. అంతమాత్రాన ఇంజనీర్లు 90 శాతం తగ్గిపోతారని కాదు అని కూడా ఆయనే అన్నాడు. ఆ రెండో మాట మీ బావమరిది ఫోన్ దాకా వచ్చి ఉండదు.

ఆ 90 శాతం సంగతి నాకన్నా మీకే బాగా తెలియాలి. మీ పలాస వైపు కటింగ్ మిషన్లు వస్తున్న రోజుల్లో మా విద్యార్థిని వాళ్ల ఇంటికి పెళ్లి పిలుపు మీద వెళ్లాను. వాళ్లకీ బట్టీ ఉంది. ఆ రోజే ఎక్కడినుంచో మిషన్ అమ్మే కుర్రాడొచ్చి ఆడించి చూపిస్తున్నాడు. గంటకి ఇన్ని కేజీలు, ఇంతమంది పని ఒక్కటే చేస్తుంది అని ఊపిరి తిప్పుకోకుండా చెబుతున్నాడు. ఆ పిల్ల నాయనమ్మ అరుగు దిగి వచ్చింది. ఏళ్ల తరబడి పిక్కలు కొట్టిన చెయ్యి, జీడి రసం అంటి అంటి వేళ్ల కొసలు నల్లబడి ఉన్నాయి. ట్రేలోంచి దోసెడు పప్పు తీసి తెల్లగుడ్డ మీద పోసి, మాట్లాడకుండా మూడు కుప్పలు చేసింది: గుండు (విరగని నిండు పప్పు), బద్ద (సగానికి విడింది), ముక్క. చేసి, "గుండెంత పడతాది బావూ?" అని అడిగింది. కుర్రాడు మళ్లీ గంటకి ఎన్ని కేజీలో చెప్పాడు. ఆవిడ మళ్లీ అదే అడిగింది.

పెద్ద కంపెనీల వాళ్లు ఇప్పుడు మనకి చెబుతున్నవన్నీ గంటకి ఎన్ని కేజీలు అన్న లెక్కలే. 2024 అక్టోబరులో గూగుల్ సుందర్ పిచాయ్ మా కొత్త కోడ్‌లో పావు వంతుకి మించి ఏఐదే అన్నాడు. 2025 ఏప్రిల్లో మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల మా కోడ్‌లో 20 నుంచి 30 శాతం అన్నాడు. పిచాయ్ ఆ వాక్యంలోనే, దాన్ని మా ఇంజనీర్లు చూసి, సరే అన్నాకే తీసుకుంటున్నాం అని కలిపాడు. అంటే కుప్పలు ఏరే మనుషులు అక్కడా ఉన్నారు. తొక్కతీసే మిషన్ వచ్చాక కూడా అంటుకున్న పొట్టు గీకడానికి ఆడవాళ్లు చాకు పట్టుకుని కూచుంటున్నారు కదా, అలాగ.

కోడ్‌లో ముక్క అంటే ఎలా ఉంటుందో చెబుతాను. మొన్న మా ల్యాబ్‌లో ఒక కుర్రాడికి వడ్డీ లెక్క ప్రోగ్రాం ఇచ్చాను. అప్పు 50,000, నూటికి రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి ఎంత? ఏఐకి అప్పజెప్పి రెండు నిమిషాల్లో తెచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. రంగులూ, బటన్లూ, తేదీ పెడితే క్యాలెండరూ. జవాబు 1,000 వచ్చింది. పక్క బెంచీ పిల్ల తొంగిచూసి, "ఇలాగిస్తే మా అమ్మ ఊరందరి దగ్గరా అప్పు తెస్తాది" అంది. వాళ్లమ్మ గజపతినగరంలో చీరల వ్యాపారం చేస్తుంది, ఫైనాన్సులో అప్పు తెచ్చి తిప్పుతుంది. మన దగ్గర నూటికి రెండు రూపాయలంటే నెలకి. ఏడాదికి 12,000. ఏఐ ఏడాదికి రెండు శాతం అనుకుంది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం తప్పు లేదు, జవాబు మాత్రం పన్నెండో వంతు. కుర్రాడికి కోడ్ వచ్చు, వడ్డీ తెలీదు. హువాంగ్ గారి రెండో సగం నాకు పనికొచ్చిందని అన్నది అందుకే. అయితే ఆ తప్పుని దిద్దింది ఆ పిల్లే. దిద్దడానికి ప్రోగ్రాం చదవడం రావాలి కదా. ఆ మాట ఆయన దుబాయ్‌లో చెప్పలేదు.

ఇక జోస్యాల సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. మీ తోటలు ఎలా ఒరిగాయో నేను చెప్పనక్కర్లేదు. వాతావరణ శాఖ తుపాను ఎటు వస్తుందో, గాలి ఎంత వేగమో చెబుతుంది. తెల్లారాక చెప్పిందానికీ జరిగిందానికీ తేడా కట్టుకుంటుంది, పైవాళ్లూ అడుగుతారు. సీఈఓ జోస్యానికి ఆ తెల్లారడం ఉండదు. 2007లో ఐఫోన్‌కి చెప్పుకోదగ్గ మార్కెట్టు దక్కే అవకాశమే లేదన్నాడు అప్పటి మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బామర్. 2019 ఏప్రిల్లో ఎలాన్ మస్క్ వచ్చే ఏడాదికల్లా పది లక్షల డ్రైవర్ లేని టాక్సీలు రోడ్డు మీద ఉంటాయన్నాడు. 2025 జూన్‌లో ఆస్టిన్‌లో కొద్దిపాటి కార్లతో మొదలుపెట్టాడు, అదీ పక్క సీట్లో కంపెనీ మనిషిని కూచోబెట్టి.  ఈలోగా కొత్త జోస్యాలు చెప్పాడు.

అమ్ముకునేవాళ్లని పక్కన పెట్టండి, పండితులూ పొరబడతారు. జెఫ్రీ హింటన్ అని, 2024లో భౌతికశాస్త్రం నోబెల్ వచ్చింది, ఈ ఏఐకి పునాది వేసినవాళ్లలో ఒకాయన. 2016లో ఆయన ఇక రేడియాలజిస్టులని తయారుచెయ్యడం ఆపెయ్యాలి, ఐదేళ్లలో యంత్రం వాళ్లకన్నా బాగా స్కాన్లు చూస్తుంది అన్నాడు. ఆ ఏడు ఎంబీబీఎస్ పూర్తిచేసి రేడియాలజీ సీటు చేతిలో ఉండి, ఆ మాట విని వదులుకున్న పిల్లలు ఎంతమందో ఏమో. మన జిల్లాల్లో ఇప్పటికీ స్కానింగు రిపోర్టు రాసే డాక్టరు కోసం రోగులు వరండాలో బెంచీల మీద కూచుంటున్నారు. అప్పుడు మరీ అందర్నీ కలిపి అనేశానని తర్వాత హింటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు కాబట్టి ఆయనంటే నాకు గౌరవం. సీటు వదులుకున్నవాడికి ఆ గౌరవంతో పనిలేదనుకోండి.

ఒకే ఇంట్లో రెండు మాటలూ వినపడతాయి. 2025 జూన్‌లో అమెజాన్ సీఈఓ యాండీ జాస్సీ ఏఐ వల్ల ముందుముందు మా ఆఫీసు సిబ్బంది తగ్గుతారని ఉద్యోగులకి రాశాడు. ఆగస్టులో ఆ ఇంట్లోనే క్లౌడ్ (సర్వర్లు అద్దెకిచ్చే) వ్యాపారం చూసే మ్యాట్ గార్మన్, జూనియర్ల బదులు ఏఐని పెడదామనడం తాను విన్నవాటిలో మహా తెలివితక్కువ మాటల్లో ఒకటన్నాడు. అక్టోబరులో 14,000 ఉద్యోగాలు తీసేస్తామన్నారు. ఏఐ వల్లనా అంటే, ప్రస్తుతానికి కాదు, మా సంస్కృతి కోసం అన్నాడు జాస్సీ. మన టీసీఎస్ కూడా అదే ఏడు జులైలో 2 శాతం మందిని, అంటే 12,000 పైచిలుకు, తీసేస్తున్నామని చెప్పి, ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు కుదరక అంది. ఏఐ అమ్మేటప్పుడు అది అందరి పనీ చేసేస్తుంది, మనుషుల్ని తీసేటప్పుడు దాని ప్రమేయమే లేదు. స్వీడన్‌లో క్లార్నా అనే కంపెనీ 2024లో మా ఏఐ 700 మంది పని చేస్తోందని చాటింది. ఏడాది తిరిగాక కస్టమర్లతో మాట్లాడటానికి మళ్లీ మనుషుల్ని తీసుకుంటున్నామంది. దాని వీడియో మీకు వచ్చిందా?

70 గంటల మాట మూర్తి గారిది, 2023 అక్టోబరులో. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ దాన్ని 90 చేశారు. ఆదివారం ఇంట్లో కూచుని ఎంతసేపని పెళ్లాం మొహం చూస్తారని కూడా అడిగారు. మా ఆయన మొహం నేనెంతసేపు చూడగలనో ఆయన అడగలేదు. ఈ మాటల్ని మీరు మా విజయనగరం పైడితల్లి పండక్కి ఊరేగించే పొడుగాటి సిరిమాను కొస మీద కూచున్న పూజారిగారి మాటల్లా తీసుకోవాలి. పైన ఆయనేమంటున్నారో కింద మనకి వినపడదు, దణ్ణం పెట్టి ఇంటికొస్తాం. ఇంటికొచ్చాక ఆయన అలా అన్నారట, ఇలా అన్నారట అని పంతాలు పట్టుకోం.

నవ్వులాటలో అసలు భయం మాట దాటెయ్యకూడదు. భయం ఉంది. 2021, 2022ల్లో కంపెనీలు మన కాలేజీల నుంచి పిల్లల్ని కుప్పలుగా తీసుకున్నాయి. ఆ తర్వాత చెయ్యి బిగించాయి. ఆఫర్ లెటర్లు ఇచ్చి నెలల తరబడి చేరమనకుండా కూచోబెట్టిన కంపెనీలున్నాయి. అలా కూచున్న మా పాత విద్యార్థులు నాకు ఫోన్లు చేశారు. ఏం చదివినా పర్లేదు, ట్రైనింగ్ మేమిస్తాం అని గంపగుత్తగా తీసుకునే పద్ధతి సన్నబడింది. ఏఐ ముందు మింగేది ఆ మొదటి మెట్టు పనుల్నే: చిన్న చిన్న టెస్టింగులు, ఒక పద్ధతిలో పదిసార్లు రాసే కోడ్. కాబట్టి సీఎస్ఈలో సీటొస్తే ఉద్యోగం వచ్చినట్టే అనే లెక్క మీరు వేసుకుని ఉంటే, అది చెరిపెయ్యండి. అది చెప్పడానికి ఎన్విడియా ఆయన అక్కర్లేదు, మా ప్లేస్‌మెంట్ బోర్డు చాలు.

ఇలాంటి మాట విని డబ్బు పోసినవాళ్లలో నేనూ ఉన్నాను. 1999. విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక కంప్యూటర్ సంస్థ. చెప్పులు బయట విప్పాలి, లోపల ఏసీ, ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురం. ప్రారంభం రోజున హైదరాబాదు నుంచి కోటూ టై కట్టుకుని ఒకాయన వచ్చాడు. 2000 దాటితే వీధికో ప్రోగ్రామరు కావాలి, ఏడాది తిరక్కుండా అమెరికా అన్నాడు. జూట్ మిల్లులో గుమాస్తా అయిన మా నాన్న పీఎఫ్ మీద లోను పెట్టి 18,000 కట్టారు. 2001లో అక్కడ అమెరికాలోనే డాట్‌కామ్ కంపెనీలు కూలాయి. ఒక సోమవారం మేం వెళ్లేసరికి బోర్డు లేదు, తాళం ఉంది. ఏసీ ఊడదీసిన కన్నంలో పావురాలు. మిగతా ఫీజు గురించి అడగడానికి మనిషే లేడు. మా నాన్న ఆ పావురాల్ని చాలాసేపు చూశారు. ఇంటికొస్తూ దారిలో టీ తాగించారు, ఏమీ అనలేదు. అయితే లూప్ (ఒకే పనిని కంప్యూటరు చేత మళ్లీ మళ్లీ చేయించడం) అంటే ఏమిటో నాకు తలకెక్కింది ఆ గదిలోనే. ఆ ఒక్క ముక్కతోనే తర్వాత ఎంసీఏకి వెళ్లాను, ఈ ఉద్యోగంలోకొచ్చాను. కోటాయన చెప్పింది అబద్ధం, నేర్చుకున్నది నిజం. రెంటినీ కలిపి పారేసి ఉంటే నేను మీకు ఉత్తరం రాస్తూ ఉండేదాన్ని కాదు.

ఇక బ్రాంచి. విశాఖలో 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచీ, డేటా సెంటరొస్తోంది కదా అని అందరూ సీఎస్ఈ అంటున్నారు. డేటా సెంటరంటే సర్వర్ల గోదాం. కట్టేటప్పుడు సివిల్ వాళ్లు కావాలి, కట్టాక కరెంటూ చల్లదనమూ చూసే ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లు కావాలి. కోడ్ రాసేవాళ్లు ఎక్కడినుంచైనా రాస్తారు. కాబట్టి ఎలక్ట్రికల్‌ని తక్కువ చూడకండి. అలాగని ఇష్టం లేని పిల్లని అందులో తొయ్యకండి కూడా.

ఇష్టం అన్నాను కాబట్టి ఇంకో మాట. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ఎన్విడియా ఆయన ఉన్నాడు, మూర్తి గారున్నారు, మీ బావమరిది ఉన్నాడు. మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ఆ పిల్లకి లెక్కలు ఇష్టమో, వైరింగు విప్పి చూసే బుద్ధుందో, అసలు ఫోన్ తప్ప కంప్యూటర్ ముట్టుకుందో లేదో మీరు రాయలేదు. అది తెలీకుండా నేను సీఎస్ఈ వెయ్యండి, మానండి అంటే, దుబాయ్ ఆయనకీ నాకూ తేడా ఏముంది?

కౌన్సెలింగ్ మొదలవ్వడానికి ఇంకా రోజులున్నాయి కదా. ఒక పని చెయ్యండి. మీ బట్టీ లెక్కల పుస్తకం ఆ పిల్ల ముందు పెట్టండి. ఏ రైతు దగ్గర ఎన్ని బస్తాల పిక్కలు కొన్నారు, ఏ లాట్‌లో 240 గ్రేడు గుండు ఎంత పడింది, 320 ఎంత పడింది, బద్ద ఎంత, ముక్క ఎంత, కూలి ఎంత. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, ఏ రైతు పిక్కలో గుండు ఎక్కువ పడుతోందో చెప్పమనండి. ఏఐని వాడుకోనివ్వండి, వద్దనకండి. వారం పోయాక, వచ్చిన జవాబుని మీ ముఠామేస్త్రికి చూపించండి. ఆయన "ఇది తప్పు" అంటాడు, అనే తీరతాడు. అప్పుడు మీ పిల్లని చూడండి. ఎక్కడ తప్పిందా అని వెనక్కెళ్లి వెతుకుతోందా, లేక నీకేం తెలుసని ఆయన మీదికి వెళుతోందా, లేక లాప్‌టాప్ మూసేసిందా? వెతికే రకమైతే సీఎస్ఈలో వెయ్యండి, ఎవరేమన్నా వినకండి. మూసేసిందంటే సివిలూ ఎలక్ట్రికలూ ఎలాగూ ఉన్నాయి. మీదికి వెళ్లిందంటే ఏ బ్రాంచి అయినా ఒకటే, ముందు మేస్త్రికి సారీ చెప్పించండి.

కాలేజీకి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కూచోకండి. అక్కడ గోడ మీద ఫొటోలుంటాయి. బయట టీ కొట్టు దగ్గర మూడో ఏడు పిల్లలుంటారు. ల్యాబ్‌లో వారానికి ఎన్ని గంటలు కూచుంటారో, రికార్డులు తమంతట తాము రాస్తారో, సీనియర్ది చూసి దించుతారో అడగండి. దించుతాం అంటే ఆ కాలేజీని ఆప్షన్లలో కిందికి జరపండి.

బావమరిది వీడియోలు మానమని చెప్పకండి, నొచ్చుకుంటారు. రేపొద్దున వీడియో రాగానే "ఈయన ఏం అమ్ముతాడు బావా?" అని ఒక్క లైను పంపండి, అంతే. ముఠామేస్త్రి ఏమన్నాడో మాత్రం నాకు తప్పకుండా రాయండి.